అక్క బొటనవేలు, టర్బో బటను

ఊళ్లో సగం నవ్వులు పళ్ల మేస్త్రి చలవే. డాక్టర్లు కొలతలు పంపితే కట్టుడు పళ్లు చేసిపెట్టడం ఆయన వృత్తి. గోరంత పన్నును వెంట్రుకవాసి తేడా రాకుండా చెక్కే ఆ చేతులకు ఇంట్లో దక్కిన బిరుదు మాత్రం "మొద్దుచేతులు".

బిరుదిచ్చింది అక్క. చిన్నప్పుడు ఇంట్లో ఒకే కంప్యూటరు, అందులో ఒకే కార్ల ఆట. కారు ఎంత దూరం పోతే అంత గెలుపు, ఓడినవాళ్లు వెళ్లి అంట్లు తోమాలి. పాపం, మేస్త్రి బాల్యమంతా సబ్బు నురగలోనే గడిచిపోయింది. అక్క అంతటితో ఊరుకుందా? తమ్ముడి పెళ్లిలో పెళ్లికూతురి చెవిలో కూడా ఊదింది, "గాజు సామాను వాడి చేతికివ్వకు" అని. ఆ మాట తలుచుకుంటే ఆయనకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

అందుకే నలభై దాటాక పంతం పట్టాడు. అచ్చం అలాంటి కంప్యూటరే కట్టాలి, అదే ఆటలో అక్కను ఓడించాలి. తుక్కు దుకాణాలన్నీ జల్లెడ పట్టి పసుపెక్కిన డబ్బా, ఫ్లాపీ డ్రైవు, గోనెబస్తా బరువున్న మానిటరు ఇంటికి మోశాడు.

"అందరిళ్లలో చెత్త బయటికి పోతుంది. మనింట్లో లోపలికొస్తోందేంటండీ?" అంది భార్య.

మంచిది కదా అని డబ్బా లోపల కాస్త కొత్త మదర్‌బోర్డు బిగించాడు. ఆట మొదలవగానే కారు పిచ్చెక్కినట్టు దూసుకెళ్లి గోడకు కొట్టుకుంది. మళ్లీ పెట్టాడు, మళ్లీ గోడే. కొంపదీసి నిజంగానే మొద్దుచేతులేమోనని ఆయనకు చెమటలు పట్టాయి.

తుక్కు దుకాణం వాడు పడీపడీ నవ్వాడు. "తప్పు చేతులది కాదు సార్. బోర్డు ఎంత జోరైతే కారు అంత జోరు. ముసలి బోర్డు వేసుకోండి. డబ్బా మీద టర్బో బటనుంది చూశారా? నొక్కితే జోరు, మళ్లీ నొక్కితే నెమ్మది. ఆడేటప్పుడు దాన్ని ముట్టుకోకండి."

ముసలి బోర్డుతో కారు బుద్ధిగా నడిచింది. మేస్త్రి చెయ్యి తిరిగేదాకా సాధన చేసి, ఆదివారం అక్కను పిలిచాడు.

అక్క ఆడిటరు. కంపెనీల దొంగలెక్కలు పట్టుకుని ముక్కుపిండే మనిషి. చిన్నప్పటిలాగే డబ్బా బల్ల కింద నేలమీద ఉంది.

"ఇంకా పోలేదురా నీకీ పిచ్చి?" అంటూనే పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

మొదటి ఆట మేస్త్రిది. జన్మలో పోనంత దూరం పోయాడు. అంతలో కారుకు పూనకం వచ్చింది. గోడ!

"చేతులురా, చేతులు," అంది అక్క జాలిగా.

మేస్త్రికి తుక్కు దుకాణం వాడి మాట చటుక్కున గుర్తొచ్చింది. మెల్లిగా బల్ల కిందికి వంగాడు. అక్క బొటనవేలు టర్బో బటను మీద దర్జాగా కూర్చుని ఉంది.

"వదినా! మీ కాలు!" అంది, తానూ వంగి చూసిన భార్య.

"అయ్యో, చిన్నప్పటి అలవాటు, దానంతటదే పోయిందిరా!" అక్కకు నవ్వాగలేదు. "అయినా నీకు తెలుసనుకున్నానే."

"ఫోన్ తియ్. అమ్మకి చెప్పు. ఇప్పుడే." అన్నాడు మేస్త్రి.

అక్క స్పీకరు పెట్టి చెప్పింది. అవతల అమ్మ ఆవులించింది. "అదా? ఊడ్చేటప్పుడల్లా చూసేదాన్నిగా నీ కాలు. వాడైతే అంట్లు శుభ్రంగా తోముతాడని ఊరుకున్నా."

మేస్త్రికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. డబ్బాను ఎత్తి బల్లమీద పెట్టాడు.

"కాళ్లు కుర్చీ మీద మడుచుకుని కూర్చో అక్కా. సింకు నిండా గిన్నెలున్నాయి."

ఆ మధ్యాహ్నం గిన్నెలు అక్క తోమింది. గాజు గ్లాసొకటి పగలగొట్టింది కూడా.