ఎండల పట్టిన జల్లెడ

బియ్యం జల్లెడ పట్టినందుకు కోరుట్ల పక్కన మా ఊరి బడిల వంటామెను తీసేసిండ్రు. పిల్లల బియ్యాన్ని రోజూ వాకిట్ల ఎండకు పరిచి, కాసేపాగి, ఇంటికాంచి తెచ్చుకున్న జల్లెడతోని పట్టేది.

"నీడకు కూసోరాదు బిడ్డా" అని నేనంటే, "నీడల పురుగు గింజను ఇడువదు బాపు, ఎండ తాకితెనే ఉరుకుతది" అనేది.

జల్లెడ కింద పడ్డ నల్ల పురుగులను చూసిన పిల్లలు ఇండ్లల్ల చెప్పిండ్రు. వారం తిరగకముందే ఆమెను రావద్దన్నరు. ఇప్పుడు బియ్యం సంచిల నుంచి సీదా వంట గంజుల పడుతున్నయి. ఆమె ఇంట్ల బీడీలు చేస్తుంది.

దుకాణాల బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకున్నోన్ని, ఆమెను ఎందుకు తీసేసిండ్రని నాలుగు దరఖాస్తులు రాసిన. ఆఖరికి బడి పెద్దసారు నోరిప్పిండు:

"పురుగులు ఏ బడిల లేవు తాతా? లోపల పట్టుమని ఎన్నిసార్లు చెప్పినం! అందరు చూసేటట్టు వాకిట్లనే పట్టింది."