గొడుగక్క మతిమరుపు

పసిపిల్లలున్న ఇళ్లకు వెళ్లి, కష్టం ముదరకముందే చేయందించడం ఆమె ఉద్యోగం. వీధంతా ఆమెను గొడుగక్క అంటుంది. ఏ ఇంటికెళ్లినా గొడుగు మరిచి వస్తుంది మరి! వానలో తడిసి ముద్దయి ఇల్లు చేరినప్పుడల్లా భర్త, "తలకాయైనా తెచ్చుకున్నావా?" అని నవ్వేవాడు.

మేడమీది గదిలో ఒంటరి బాలింత ఉండేది. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నా తలుపు ఓరగానే తీసేది. సాయమడిగితే, పెంచడం చేతకాదని అధికారులు బిడ్డను లాక్కుపోతారని ఆమె భయం. గొడుగక్క ఏమీ అడగలేదు. దాహమంటూ లోపలికెళ్లి కాసిని మంచినీళ్లు తాగి, గొడుగు మూలన ఆనించి వచ్చేసింది. మర్నాడు దానికోసమే వెళ్లినట్టు వెళ్లి, బిడ్డను కాసేపు ఎత్తుకుంది. ఆ కాసేపట్లో తల్లి హాయిగా తలస్నానం చేసింది. అలా ఎన్ని రోజులో!

ఓ సాయంత్రం బిడ్డ బోసినవ్వు చూసిన మురిపెంలో గొడుగక్క తన ఎత్తే మరిచిపోయి, గొడుగు చంకన పెట్టుకుని మెట్లు దిగసాగింది.

"అక్కా! గొడుగు పట్టుకుపోతున్నావేంటి? రేపు రావా?" పైనుంచి తల్లి కేక.

గొడుగక్క దొరికిపోయిన దొంగలా నాలిక్కరుచుకుంది. "నీకు తెలుసా?"

"రోజూ అదే మూలన మరిచిపోతే తెలీదా? రా అక్కా, నేనే అడుగుతున్నా. వీడికి పాలు చాలట్లేదు. నాకేం పాలుపోవట్లేదు."

గొడుగక్క రేపటిదాకా ఆగలేదు. మెట్లెక్కి, గొడుగు ఆ మూలనే ఆనించి, బిడ్డ పక్కన చతికిలబడింది.