పాట అయ్యాక వినిపించే ఆయ్

పోయిన నెలలో ఒక మంగళవారం మధ్యాహ్నం మా పిన్ని వెళ్ళిపోయింది. కొత్తపేట నుంచి పక్కింటావిడ ఫోన్ చేసి, "అమ్మాయిగారండీ, మీ పిన్నిగారు భోంచేసి నడుం వాల్చేరండి. కాఫీకి లేపుదామని వెళ్తే లేవలేదండి" అంది. ఆ పైన "కాఫీ కలిపేసేనండి" అంది. అమలాపురం నుంచి నేను వెళ్ళేసరికి ఆ గ్లాసు మూతపెట్టి గట్టు మీద అలాగే ఉంది. పిన్ని మొహం చూస్తే అప్పుడే ఎవరినో ఆటపట్టించి పడుకున్నట్టుంది. ఎనభై దాటిన మనిషి, తను చేసుకున్న బీరకాయ పచ్చడితో తను వండుకున్న అన్నం తిని, ఎవరి చేతా ఒక్క పని చేయించుకోకుండా పోయింది. ఏడ్చాను. ఏడవకుండా ఎలా ఉంటాను? కానీ ఏడుస్తూనే, పోతే ఇలా పోవాలి అని కూడా అనుకున్నాను.

పిన్ని అంటున్నాను గానీ నన్ను పెంచింది ఆవిడే. మా అమ్మకి చెల్లెలు. నేను పాలు మరవకముందే అమ్మ జ్వరం వచ్చి పోతే, నాన్న నన్ను తెచ్చి పిన్ని ఒళ్ళో పెట్టారట. ఆవిడకి పిల్లలు పుట్టలేదు. "పుట్టకపోవడమేవిటే, వేరేచోట పుట్టేవు, దారి తెలుసుకుని వచ్చేవు" అనేది. అమ్మది ఒకే ఒక్క ఫోటో ఉంది, పెళ్ళిది. తల వంచుకుని ఉంటుంది, పాపిడి తప్ప ఏమీ కనబడదు. చిన్నప్పుడు ఆ ఫోటో మీద నాకు మహా కోపంగా ఉండేది. ఫోటోవాడు ఒక్కసారి "తలెత్తమ్మా" అనలేకపోయాడా అని.

మొహం దొరకలేదు గానీ అమ్మ గొంతు మాత్రం మా ఇంట్లో ఉండేది. గ్రామఫోను రికార్డు మీద. రికార్డు అని మేము అనేవాళ్ళం కాదు, ప్లేటు అనేవాళ్ళం.

ఆ ప్లేటు కథ పిన్ని నోట వినాలి. ఎన్నిసార్లు విన్నా విసుగు పుట్టేది కాదు, ఎందుకంటే ప్రతిసారీ కాస్త పెంచేది. అమలాపురంలో గ్రామఫోన్లు అమ్మే ఒకాయన మద్రాసు కంపెనీకి ఏజెంటట. ఏదో పెళ్ళిలో అక్కచెల్లెళ్ళిద్దరూ నలుగుపాట పాడుతుంటే విని తాతగారి వెంటపడ్డాడు. సినిమా పాటలు అందరూ వేస్తారు, ఇంటి పాటలు ప్లేటేస్తే ఈ తాలూకాలో ప్రతి పెళ్ళివారూ కొనుక్కుంటారు అని ఆయన ఆలోచన. తాతగారు వేదం చెప్పే మనిషి. ఆడపిల్లల గొంతు ఊళ్ళంట తిరగడమేమిటని చాలాకాలం బిగుసుకుని కూచుని, చివరికి పేర్లు వెయ్యకూడదన్న షరతు మీద ఒప్పుకున్నారు. అందుకే ఆ ప్లేటు మీద 'కోనసీమ సోదరీమణులు' అని మాత్రమే ఉంటుంది. తాతగారు, ఇద్దరాడపిల్లలు, ఒక బియ్యం సంచీ, ఒక ఆవకాయ జాడీ మద్రాసు రైలెక్కారు. అమ్మకి పద్దెనిమిదేళ్ళు, పిన్నికి పదిహేను.

కంపెనీ వాళ్ళ గదిలో గోడలనిండా కొబ్బరిపీచు పట్టాలు కొట్టి ఉన్నాయట, శబ్దం తిరిగి రాకుండా. "అంత దూరం వెళ్ళి చూద్దుంగదా, మన పీచే! దాన్ని ముట్టుకున్నాక గానీ నాకు భయం తగ్గలేదే" అనేది పిన్ని. రొద వస్తుందని ఫ్యాన్లు ఆపేశారు. అందరికీ కలిపి ఒకటే మైకు. అమ్మది కాలవ అవతలి గట్టుకి వినిపించే గొంతు కాబట్టి ఆవిణ్ణి దూరంగా నిలబెట్టారు. పిన్ని పొట్టిగా ఉందని మైకు ముందు పీట వేసి ఎక్కించారు. పక్కన హార్మోనియం మాస్టారు. అద్దం వెనకాల కంపెనీ పెద్దాయన, తమిళాయన. ఎర్రబల్బు వెలిగితే పాడాలి, అది ఆరేదాకా దగ్గు కూడా దగ్గకూడదు. అప్పటికి అక్కడ పాటని తిరిగే మైనపు పళ్ళెం మీద పట్టేవారట. తప్పుపోతే చెరపడాలు లేవు, మరో పళ్ళెం పెట్టాల్సిందే.

అసలు చిక్కు మూడు నిమిషాలతో వచ్చింది. ప్లేటుకి ఒక్కోవైపు అంతే పడుతుంది. మా ఇళ్ళలో నలుగుపాటకి కొలతేమిటండీ? గిన్నెలో పిండి అయ్యేదాకా పాడతారు. హార్మోనియం మాస్టారు పాపం నాలుగు రోజులు కూచుని చరణాలు కోసి, కోసి, మూడు నిమిషాలకి తెచ్చారు. తీరా బల్బు వెలిగి, పాట చక్కగా సాగుతూ ఉంటే, మూల కూచున్న మా తాతగారు తన్మయులైపోయి "శభాష్!" అన్నారు. ఆ పళ్ళెం పోయింది. తాతగారిని సగౌరవంగా వరండాలో కూచోబెట్టారు.

రెండోసారి అక్కచెల్లెళ్ళిద్దరూ కంగారు కొద్దీ వేగం పెంచేశారు. పాట తొందరగా అయిపోయింది. బల్బు ఇంకా వెలుగుతూనే ఉంది, పళ్ళెం తిరుగుతూనే ఉంది. ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. అద్దం వెనకనుంచి పెద్దాయన గడ్డం ఎత్తి, అయిపోయిందా అన్నట్టు చూశారు. అంతే, మా అమ్మ చేతులు కట్టుకుని, మా కోనసీమలో పెద్దలకి అవునండి అని చెప్పే తీరులో, స్పష్టంగా, మర్యాదగా "ఆయ్" అంది.

"మరి ఏం చేస్తుందే? అంత పెద్దాయన అడుగుతుంటే నోరు మూసుకుని నిలబడ్డం మనిళ్ళలో ఉందా?" అని పిన్ని ఇప్పటికీ వెనకేసుకొచ్చేది. ఇప్పటికీ అన్నాను చూడండి. పోయిన నెల దాకా.

ఆ పళ్ళెం కూడా పారేద్దామన్నారట. అప్పుడు మన ఏజెంటు చేతులు జోడించి, "ఇది అమ్ముడయ్యేది మా జిల్లాలోనేనండి. మావాళ్ళకది తప్పని తెలీనే తెలీదండి. తెలిసినా ముచ్చటపడతారండి" అన్నాడు. పెద్దాయన నవ్వి వదిలేశారు. ఏజెంటు అన్నదీ నిజమైంది. ఆ ప్లేటు విని నేర్చుకున్న ఆడవాళ్ళు ఆ 'ఆయ్' కూడా పాటలోదే అనుకున్నారు. ఉప్పలగుప్తంలో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు నేనూ పిన్నీ చెవులారా విన్నాం. నలుగు అవగానే ముత్తైదువులందరూ కలిసి "ఆయ్" అన్నారు. నేను చెప్పబోతుంటే పిన్ని నా తొడ మీద గట్టిగా గిల్లింది. "ఊరుకో. మీ అమ్మ అందరి ఇళ్ళలోనూ పలుకుతోందిగదే" అంది.

ఇక నా సంగతికొస్తాను. పాటలో అక్కచెల్లెళ్ళ గొంతులు రెండూ పాలూ నీళ్ళలా కలిసిపోయి ఉంటాయి. ఎంత చెవి రిక్కించినా ఇది అమ్మ, ఇది పిన్ని అని నేను విడదీయలేకపోయాను. అమ్మ ఒక్కతే పలికింది ఆ చివరి 'ఆయ్' ఒక్కటే. ఈ లోకంలో మా అమ్మ గొంతు అని నాకున్నది ఆ ఒక్క మాట.

దాన్ని కూడా పిన్ని ఊరికే విననిచ్చేది కాదు. స్టీలు ముల్లు గీసినప్పుడల్లా ప్లేటు కాస్త అరుగుతుందట. "అరిగిపోతుందే తల్లీ, నీకు ముసలితనం వచ్చేదాకా దాచాలి" అనేది. నా పుట్టినరోజుకీ, ఏదైనా శుభం జరిగినప్పుడూ మాత్రమే పెట్టె తెరిచి, కీ ఇచ్చి, కొత్త ముల్లు బిగించేది. పాట అయ్యాక, ఆ 'ఆయ్' వచ్చేలోపు, రెండు ఊపిరులంత ఖాళీ ఉంటుంది. సరిగ్గా ఆ ఖాళీలో పిన్ని మా అమ్మని ఒక ప్రశ్న అడిగేది.

"ఏవే అక్కా, పిల్లకి పలక కొన్నాం, బళ్ళో వేసెయ్యమంటావా?"

"ఆయ్."

"అక్కా, నీ కూతురు పది ప్యాసయింది, విన్నావా?"

"ఆయ్."

చాలా ఏళ్ళు అమ్మ నిజంగానే జవాబిస్తోందనుకున్నాను. పెద్దయ్యాక సంగతి తెలిసింది, అయినా ఆట మానలేదు. వయసు పొగరులో ఉన్నప్పుడు ఒకసారి పిన్నికన్నా ముందే నేను అందుకుని, "అమ్మా, పిన్ని నన్ను అయినదానికీ కానిదానికీ తిడుతోంది కదూ?" అన్నాను. "ఆయ్" అంది అమ్మ. పిన్ని పొట్టపట్టుకుని నవ్వి, "అక్కకి నా సంగతి తెలీకపోతేగా!" అంది.

నా పెళ్ళిలో నలుగు పెట్టేటప్పుడు పిన్ని ఎవరినీ పాడనివ్వలేదు. నట్టింట్లో గ్రామఫోను పెట్టించి, "దీని నలుగుకి దీనమ్మే పాడుతుంది" అంది. పాట అయింది. పిన్ని నా తలమీద చెయ్యివేసి, "అక్కా, పిల్లని ఇచ్చేస్తున్నాం. సరేనా?" అంది. "ఆయ్" అని వినబడింది. నేను అప్పగింతలప్పుడు ఏడవలేదు, ఏడుపంతా అక్కడే అయిపోయింది.

పిన్ని కాలాన్ని కూడా ప్లేట్లతోనే కొలిచేది. "పప్పు ఇంకో రెండు ప్లేట్లు ఉడకాలి" అనేది. నేను ఫోన్లో ఎక్కువసేపు వాగితే, "నాలుగు ప్లేట్లయింది, ఇక పెట్టెయ్" అనేది. నేను ఏదైనా తలుచుకుని కుమిలిపోతుంటే, "ప్లేటు ఎంతుందో అంతే పాడాలి. మిగిలిన చరణాలకి ఏడిస్తే ఉన్న చరణం కూడా పాడవుతుంది" అనేది. ఈ మాట నేను బళ్ళో పాఠం చెప్పేటప్పుడు నా సొంత మాటలా ఎన్నోసార్లు వాడుకున్నాను.

మూడేళ్ళ కిందట అలమార దులుపుతుంటే ప్లేటు అంచుకి దెబ్బ తగిలి చిన్న చీలిక పడింది. పిన్ని ఆ రోజు అన్నం తినలేదు. ఇక ఆలస్యం చేస్తే లాభం లేదని, రావులపాలెంలో పెళ్ళి వీడియోలు చేసే ఒకాయన్ని పట్టుకున్నాను. ఆయన పాత ప్లేట్లు తిప్పే మిషనుతో ఇంటికొచ్చి, ఒకసారి పాట పట్టుకుని, వారం పోయాక ఫోనులో ఎక్కించి తెచ్చాడు. పాట కడిగిన ముత్యంలా ఉంది. ఇద్దరం చివరికోసం చూస్తున్నాం. పిన్ని ప్రశ్న కూడా సిద్ధం చేసుకుంది.

పాట అయింది. ఫోను ఆగిపోయింది.

"చివర ఒక మాట ఉండాలి బాబూ" అంది పిన్ని.

"ఉందండి. గరగరతోపాటు ఎవరో 'ఆయ్' అన్నారండి. పాట అయిపోయిందిగదాని అది కత్తిరించేసేనండి. నీట్‌గా వచ్చింది చూడండి" అన్నాడాయన మురిసిపోతూ.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. లేచి ఏం అందునో, పిన్ని నా చెయ్యి పట్టుకుని కూచోబెట్టింది. "ముందు పట్టుకున్నది ఉందా బాబూ?" అని అడిగింది. లేదట, చెరిపేశాడట. పిన్ని ఆయనకి అంతా చెప్పింది, పీచు పట్టాల దగ్గర్నుంచి నా నలుగుదాకా. ఆయన మొహం వాడిపోయింది. "అమ్మగారండీ, నాకు తెలీదండి" అన్నాడు. మళ్ళీ వేస్తే ప్లేటు రెండు ముక్కలవుతుందేమోనని నా భయం. ఆయన ప్లేటుని వెలుతురుకి పెట్టి తిప్పితిప్పి చూసి, "చీలిక మొదట్లోనే ఉందండి, లోపలిదాకా రాలేదు. ముల్లు మధ్యలోంచి దింపుదామండి" అన్నాడు.

పిన్ని ఒక్క క్షణం ఆలోచించలేదు. "పాట ఎలాగూ దొరికింది. ప్లేటు పోతే పోనీ. నాకు మా అక్క కావాలి, దింపు" అంది.

ఆయన బండిలోంచి మిషను తెచ్చి, ప్లేటు పెట్టి ముల్లు దింపాడు. చివరి చరణం వచ్చింది, అయింది. గరగర. ఇంత వయసొచ్చి నేను పిన్ని చీర కొంగు పట్టుకుని నిలబడ్డాను. పిన్ని సిద్ధం చేసుకున్న ప్రశ్న మరిచిపోయి, "అక్కా, ఉన్నావా?" అంది.

"ఆయ్."

ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. పిన్ని ఆయనకి కాఫీ ఇచ్చి, పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు బలవంతంగా రెండు తినిపించి పంపింది. పాటకి ఆ చివర అతికించి, మర్నాడే తెచ్చిచ్చాడు. ఈసారి గరగర కూడా ముట్టుకోలేదు. ఆనాటినుంచి పిన్నికి పట్టపగ్గాలు లేవు. "ఇది అరగదటే!" అని తెగ సంబరపడిపోయి, రోజూ పొద్దున్న కాఫీ తాగుతూ ఫోనులో ఆ పాట పెట్టుకుని అక్కతో మాట్లాడేది. "అక్కా, వాన పడేలా ఉంది కదూ?" "అక్కా, నీ కూతురు నాలుగు రోజులై ఫోను చెయ్యలేదు, దానికి పొగరే కదూ?" అన్నిటికీ అమ్మ మర్యాదగా ఒప్పుకునేది. చివరి మూడేళ్ళూ ఆ అక్కచెల్లెళ్ళు కలిసే ఉన్నారు.

కర్మకాండ అంతా అయి చుట్టాలు వెళ్ళిపోయాక, నిన్న పొద్దున్న కొత్తపేట ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. పిన్ని గ్లాసులోనే కాఫీ కలుపుకుని, గట్టు మీద కూచుని, ఆవిడ ఫోనులో పాట పెట్టాను. రెండు గొంతులూ ఎప్పట్లాగే కలిసి పాడాయి. పిన్ని గొంతు ఇన్నాళ్ళూ ఇంటినిండా ఉండేది కాబట్టి ఆ పాటలో వెతుక్కోవలసిన అవసరం రాలేదు. నిన్న మొదటిసారి అమ్మని కాక ఆవిణ్ణి వెతికాను. పాట అయిపోయింది. గరగర మొదలైంది. అడగడానికి ఇక నేనే ఉన్నానని అప్పుడు గుర్తొచ్చింది.

"అమ్మా, పిన్ని వచ్చిందా?" అన్నాను.

"ఆయ్."