తెరేసమ్మ ఒంటిపూట మొక్కు

గుణదల కొండ కింద ఉన్న ఇంటి నుంచి గవర్నర్‌పేటలోని ఆడపిల్లల కాలేజీకి తెరేసమ్మ రోజూ నడిచే వచ్చేది. హోమ్‌సైన్స్ ల్యాబులో గిన్నెలు తోమడం, పొయ్యిలు తుడవడం ఆమె పని. భర్త పోయాక చేరింది. ఏళ్ళు గడిచినా ఉద్యోగం మాత్రం ఖాయం కాలేదు. ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవాలి.

ల్యాబు గోడల నిండా పటాలే. ఏం తింటే రక్తం పడుతుందో, ఎంత నడిస్తే ఒంటికి మంచిదో రంగురంగుల్లో గీసి ఉండేది. లెక్చరర్ రాజ్యలక్ష్మి గారు వాటి ముందు నిలబడి నడక గొప్పతనం గురించి గంటసేపు చెప్పి, వీధి చివర ఉన్న ఇంటికి రిక్షాలో వెళ్ళేవారు.

డెబ్బై నాలుగులో కాలేజీలో ఒక అటెండరు పోస్టు ఖాయం చేస్తారన్న మాట వినపడింది. ఆ సాయంత్రమే తెరేసమ్మ కొండెక్కి మరియమాత ముందు మోకరిల్లింది. ఆర్డరు చేతికొచ్చేదాకా ఒంటిపూటే తింటానని మొక్కుకుంది. అంతకంటే ఇవ్వడానికి ఆమె దగ్గర ఏముంది గనక?

ప్రాక్టికల్స్ రోజున పిల్లలు తాము వండిన పాలకూర పప్పు, కోడిగుడ్డు పళ్ళెంలో పెట్టి ఇచ్చినా ఇక చెయ్యి చాచేది కాదు.

"మొక్కుందమ్మా. నా ఉద్యోగం ఖాయం కానీండి, అప్పుడు అడిగి మరీ తింటాను."

మిగిలినదంతా కుడితి బకెట్లో పడేది. ప్రిన్సిపాలు గారి గేదె మాత్రం నిగనిగలాడుతుండేది.

తెరేసమ్మ జాకెట్టు వదులైంది. బుగ్గలు లోపలికి పోయాయి. రాజ్యలక్ష్మి గారు అది గమనించారు. గమనించి సంతోషించారు. రక్తహీనత పాఠం రోజున ఆమెను పిలిచి, బల్ల పక్కన నిలబెట్టి, కింది కనురెప్ప వేలితో లాగి చూపించారు.

"చూశారా, ఎట్లా పాలిపోయిందో! పుస్తకంలో బొమ్మ కూడా ఇంత బాగుండదు. చేతులు చాపు తెరేసమ్మా. గోళ్ళు చూడండమ్మా."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. తెరేసమ్మ కూడా నవ్వింది. మేడమ్ గారికి పనికొస్తున్నాను, నా గురించి పైవాళ్ళకి ఒక మాట చెబుతారు అనుకుంది పిచ్చిది. మొక్కు సంగతి ల్యాబంతటికీ తెలుసు. పోషకాహారం మీద పరీక్షలు రాసి మార్కులు తెచ్చుకునే అంతమందిలో, నువ్వు రెండుపూటలా తినాలే అని గట్టిగా చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు.

పోస్టు నిజంగానే వచ్చింది. తెరేసమ్మ పేరే పంపారు. డాక్టరు పరీక్ష ఒక్కటే మిగిలింది. డాక్టరు ఆమెను తూకం మిషను మీద నిలబెట్టి, కళ్ళు చూసి, ఒంట్లో రక్తం లేదు, ఉద్యోగానికి పనికిరాదని రాసిచ్చాడు. పోస్టు ఇంకొకరికి పోయింది. ల్యాబుకి ఇద్దరు అక్కర్లేదు కాబట్టి ఉన్న పని కూడా ఊడింది.

చివరి రోజున రాజ్యలక్ష్మి గారి ముందు ఏడ్చింది.

"ఆ ఉద్యోగం కోసమేనండీ కడుపు మాడ్చుకుంది. మీకు తెలుసు గదండీ. ఒక్క మాట చెప్పండమ్మా. తింటాను, బాగవుతాను."

"డాక్టరు గారు రాసింది నేనెట్లా మారుస్తానే? నీకు అన్యాయం చెయ్యనులే. ఏటా ఆ పాఠం రోజున కబురు పెడతాను, వచ్చి నిలబడు. రిక్షా డబ్బులిప్పిస్తాను."

కళ్ళు తుడుచుకుని తెరేసమ్మ గుమ్మం దాకా వెళ్ళింది. ఆవిడ మళ్ళీ పిలిచారు.

"అప్పటిదాకా ఒళ్ళు చెయ్యకుండా చూసుకో."

"అట్టాగేనండీ" అంది తెరేసమ్మ.