మూడో పిలుపు

ఇది జరిగింది. ఒట్టు వేయమంటే మాత్రం వేయలేను. తాగనని దేవుడి పటం మీద ఒట్టు వేశాను, తప్పాను. చేయెత్తనని మా అమ్మ ఫొటో మీద వేశాను, అదీ తప్పాను. నా ఒట్టుకు విలువ లేదు. అందుకే జరిగింది జరిగినట్టు చెప్తాను. ఒక్క ముక్క కలపను. నాకే అనుమానం ఉన్నచోట అనుమానం ఉందనే చెప్తాను.

నేను మోటార్ల మెకానిక్‌ని. కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త తీగ చుట్టి మళ్లీ నడిపిస్తాను. ఇరవై ఏళ్లు హైదరాబాద్‌లో అదే పని. నా భార్య కమల నాలుగేళ్లుగా నాతో లేదు. మనూర్ దగ్గర పల్లెలో వాళ్ల అక్క ఇంట్లో ఉంటూ కంది చేలల్లో కూలికి పోతోంది. నేను తాగుడు మానేసి ఏడాదిన్నర అయ్యాక, మొన్న చలికాలంలో ఒకరోజు ఫోన్‌లో సరిగ్గా మాట్లాడింది.

"పట్నం నేను రాను. నువ్వే రా. నారాయణఖేడ్‌ల ఒక ఇల్లు చూడు. అక్కకు దగ్గరుంటది. నచ్చితే అప్పుడు చూద్దాం."

"ఇల్లు నచ్చితేనా, నేను నచ్చితేనా?"

"ముందుగాల ఇల్లు."

మరునాడే బస్సెక్కాను.

ఆ ఊరు నాకు నచ్చింది. బస్టాండు దాటి పాత గల్లీల్లోకి పోతే రాతి గోడలు, చెక్కడాలున్న దర్వాజాలు, నూనె పట్టి నల్లబడ్డ కట్టె స్తంభాలు. హోటల్ ముందు ఇద్దరు ముసలివాళ్లు సగం తెలుగు, సగం కన్నడం కలిపి ఎడ్ల గురించి కొట్లాడుకుంటున్నారు. ఎవరింట్లోనో జొన్నరొట్టె తడుతున్న చప్పుడు. సాయంత్రం దాకా తిరిగాను. నన్ను ఎరిగినవాడు ఒక్కడూ లేడు. నేను తాగి పడిపోయిన అరుగు ఒక్కటీ లేదు. ఇక్కడ బతకొచ్చు అనిపించింది.

అక్కడ నాకు దొరికిన ఇల్లు సిద్ధవ్వ అనే ముసలమ్మది. డెబ్బై ఏళ్లుంటాయి. పక్కింట్లో ఉంటుంది. రెండు అర్రలు, చిన్న వాకిలి, గల్లీ వైపు బరువైన పాత తలుపు. లోపల గడియ నా మోచేయంత పొడవుంది.

"కిరాయి సంగతి రేపు," అంది. "ఒక రాత్రి పండి చూడు కొడుకా. అందరూ గట్లనే చూస్తరు. ఇల్లు నీకు పడాలె. నువ్వు ఇంటికి పడాలె."

"పడకపోతే ఏమైతది అవ్వా?"

"ఏమైతది. బస్సుంటది గద."

ఒక చాప, దుప్పటి, చెంబెడు నీళ్లు ఇచ్చింది. పోతూ పోతూ తిరిగి చూసింది.

"గడియ పెట్టకు. దగ్గరికేసి పండు. ఈ గల్లీల దొంగలు లేరు."

సరే అన్నాను. ఆమె పోగానే గడియ పెట్టాను. పట్నం అలవాటు... అనుకోండి.

చలి బాగా ఉంది. పది దాటాక కరెంటు పోయింది. బయట కుక్కలు అరుస్తున్నాయి. దూరంగా ఎక్కడో లారీ. నిద్ర పడుతోంది... పట్టింది.

ఎప్పుడో మెలకువ వచ్చింది. ఎందుకు వచ్చిందో తెలియదు. చీకటి. ఏ చప్పుడూ లేదు. కుక్కలు కూడా లేవు. ఒక్కటి కూడా... నా ఊపిరి నాకే వినబడుతోంది.

అప్పుడు తలుపు మీద చెయ్యి పడింది.

కొట్టడం కాదు. వేళ్లతో కాదు. అరచేయి ఆనించి, మెల్లగా... ఒకసారి... మళ్లీ ఒకసారి.

ఆ తట్టడం నాకు తెలుసు.

"ఇగో..."

పెళ్లైనప్పటి నుంచి కమల నన్ను పిలిచే పిలుపు అది.

"ఇగో... తలుపు తియ్."

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. రాత్రిపూట బయటినుంచి ఎవరైనా పిలిస్తే మూడుసార్లు పిలిచేదాకా పలకొద్దంటారు. మనిషైతే మూడోసారి పిలుస్తాడు. వేరేదైతే రెండుసార్లు పిలిచి ఊరుకుంటుంది. మా అమ్మ చెప్పింది, అందరి అమ్మలూ చెప్తారు. నాలుగేళ్ల క్రితం పట్నంలో ఒక వానరాత్రి ఆ మాటే నాకు అక్కరకొచ్చింది. వాళ్ల అక్క మనవడి తొట్టెల పండుగకు నేను పోవద్దన్నా కమల పోయింది. ఆఖరి బస్సుకు తడుస్తూ తిరిగొచ్చింది. నేను గడియ పెట్టుకుని ఉన్నాను. అరచేత్తో తట్టింది. ఇగో అంది. ఇంకోసారి అంది. నేను మెలకువతోనే ఉన్నాను. దుప్పటి నెత్తి మీదికి లాక్కున్నాను. కావాలని. పోయింది కదా, కూర్చోనీ అని.

తెల్లారేదాకా అరుగు మీద కూర్చుంది. వాడకట్టు వాళ్లు అడిగితే, "రెండుసార్లే పిలిచింది, ఏందో ఏమో అనుకున్న," అన్నాను. వాళ్లు తలలూపారు. ఆమె లోపలికి వచ్చింది. సంచి సర్దుకుని పోయింది.

అదే పిలుపు ఇప్పుడు నారాయణఖేడ్‌లో... వాన లేని రాత్రి... ఈ తలుపు అవతల.

లేవాలి. లేచి తియ్యాలి. లేవలేదు. కమల ఇక్కడికి ఎట్లా వస్తుంది, ఈ వేళకు బస్సేది, ఈ ఇల్లు ఆమెకెట్లా తెలుసు... ఇవన్నీ అనుకున్నాను. మూడోసారి పిలిస్తే తీద్దాం అనుకున్నాను.

దుప్పటి లాక్కున్నాను. నెత్తి మీదికి.

నా చెవుల్లో నా రక్తం చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు. ఎంతసేపో తెలియదు. దుప్పటి తీసేసరికి కుక్కలు మళ్లీ అరుస్తున్నాయి.

తెల్లారాకే గడియ తీశాను. గల్లీ అంతా పొడిగా, దుమ్ముగా ఉంది. అరుగు మీద ఒక్కచోట మాత్రం తడి. ఒక మనిషి ముడుచుకుని కూర్చుంటే ఎంత పడుతుందో అంత.

సిద్ధవ్వ చీపురు పట్టుకుని వచ్చింది.

"అవ్వా, వాకిట్ల నీళ్లు చల్లినవా?"

"ఇప్పుడే లేచిన. ఇంక ఏడ చల్లిన?"

"రాత్రి ఎవరన్న వచ్చిండ్రా?"

ఆమె నన్ను చూడలేదు. గడియ వైపు చూసింది. "పెట్టినవు," అంది. అంతే. వంగి వాకిలి ఊడ్వడం మొదలుపెట్టింది. ముసలితనం... చీకటితోనే లేచి నీళ్లు చల్లి మరిచిపోయి ఉండొచ్చు. ఉండొచ్చు.

బస్టాండు దగ్గరికి పోయి కమలకు ఫోన్ చేశాను.

"రాత్రి నువ్వు వచ్చినవా?"

"ఏడికి?"

అంతా చెప్పాను. వెనక ఎవరో కంది కట్టెలు కొడుతున్న చప్పుడు వినబడుతోంది.

"ఎన్నిసార్లు పిలిచింది?"

"రెండుసార్లు."

"తీసినవా?"

"తియ్యలే. మూడోసారి పిలవలే కమలా."

ఆ మాట నోట్లోంచి వచ్చాక గాని తెలియలేదు, వాడకట్టుకు చెప్పింది ఇదే మాటని.

"ఆ రాత్రి నేను మూడుసార్లు పిలిచిన," అంది కమల. గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. "మూడోది జర మెల్లగ పిలిచిన. పక్కింటోళ్లు లేస్తరని, నీ ఇజ్జత్ పోతదని. దుప్పటి కప్పుకుంటే ఇనబడదు."

బస్సులు వచ్చిపోతున్నాయి. నేను నిలబడే ఉన్నాను.

"నేను మెలకువతోనే ఉన్న," అన్నాను. నాలుగేళ్లకు మొదటిసారి.

"నాకు ఎరుకే," అంది. "ఆ ఇల్లే తీసుకో," అంది. "ముందుగాల నువ్వుండు. నేను ఎప్పుడొస్తనో ఇప్పుడే చెప్పను."

తీసుకున్నాను. మూడు నెలలైంది. మెయిన్ రోడ్డు మీద చిన్న షాపు పెట్టుకున్నాను. రాత్రి తలుపు దగ్గరికి వేసి పడుకుంటాను. గడియ ఊడదీసి సిద్ధవ్వకు ఇచ్చేశాను. ఎంత చలి ఉన్నా దుప్పటి మెడ దాకే.

ఇప్పటిదాకా ఎవరూ పిలవలేదు. ఆ రాత్రి వచ్చింది ఏమిటో నాకు తెలియదు. నా తప్పే గొంతు తెచ్చుకుని వచ్చిందో, నిజంగా ఏదైనా వచ్చిందో... అది రెండుసార్లే పిలిచిందని కూడా ఇప్పుడు గట్టిగా చెప్పలేను. మూడోది మెల్లగా పిలిచిందేమో. నా చెవుల మీద దుప్పటి ఉంది.