సారు బోర్డు మీద మా అమ్మను రాసిన రోజు

మా చిన్నప్పుడు రోజుకు అయిదు ఇడియమ్స్... తప్పించుకునే దారే లేదు. ప్రార్థన అయిపోయి క్లాసులో కూర్చోగానే ఇంగ్లీషు సారు బోర్డు మీద రాసేవారు. మేం నోట్సులోకి ఎక్కించుకుని, ఇంటికాడ బట్టీ పట్టి, మర్నాడు లేచి నిలబడి ఒక్కోదానికీ సొంత వాక్యం చెప్పాల. చెప్పలేకపోతే బెత్తం.

అరవైల్లో సంగతి ఇది. జువ్వలదిన్నె దగ్గర సముద్రం ఒడ్డున మా పాలెం. అక్కణ్ణుంచి హైస్కూలు మెట్లెక్కిన మొదటి ఆడపిల్లను నేనే. నాలుగు మైళ్ల నడక... సగం ఇసుక, సగం మట్టిరోడ్డు. దారంతా ఇడియమ్స్ వల్లించుకుంటా పోయేదాన్ని.

పెద్ద వానొస్తే ఆ ఇంగ్లీషు దొరలు కుక్కలూ పిల్లులూ కురిసినాయంటారట! మా పాలెంలో పెద్ద వానొస్తే ఇంటికప్పులే లేచిపోయేవి. అయినా సరే, నాకు ఆ మాటలంటే పిచ్చి ఇష్టం. క్లాసులో అందరికంటే ముందు చెయ్యెత్తేది నేనే.

ఒకరోజు నాలుగోది... "షౌట్ లైక్ ఎ ఫిష్‌వైఫ్." సారు తెలుగులో అర్థం చెప్పినారు. "చేపలమ్మే ఆడదాని మాదిరి నోరేసుకుని అరవడం. మర్యాద తెలియని మనిషని అర్థం."

క్లాసంతా తిరిగి నన్ను చూసింది. మా అమ్మ గంప నెత్తిన పెట్టుకుని వాళ్లందరి వీధుల్లోనూ చేపలమ్మేది మరి!

మర్నాడు వరసగా సొంత వాక్యాలు. ఒకడు వాళ్ల మేనత్త ఫిష్‌వైఫ్ మాదిరి అరుస్తదన్నాడు. ఇంకొకతె పక్కింటామె పేరు చెప్పింది. ఒకటే నవ్వులు. నా వంతొచ్చింది.

"ఇది నేను చెప్పను సార్."

"ఏం, రాదా?"

"వచ్చు సార్. చెప్పను."

సారు చెడ్డాయన కాదు... పుస్తకంలో ఉన్నది చెప్పినారు, అంతే. కానీ ఒక ఆడపిల్ల ఎదురు మాట్లాడేసరికి మొహం ఎర్రబడింది. ఆ ఇడియమ్‌నే వందసార్లు ఇంపోజిషన్ రాసుకు రమ్మన్నారు. రాసేదాకా క్లాసులో అడుగు పెట్టొద్దన్నారు.

రాయలా. వరండాలో నిలబడినాను. ఒకరోజు, రెండ్రోజులు, వారం... కిటికీలోంచి బోర్డు చూసి ఇడియమ్స్ రాసుకునేదాన్ని. కాళ్లు పీకేవి. ఏడుపు రాలేదు నాకు, ఒళ్లు మండేది!

పరీక్షలు దగ్గర పడినాయి. ఇంగ్లీషు తప్పితే బడి మానిపించి ఉప్పుచేపల పనిలో పెడతానని నాయన ముందే చెప్పున్నాడు. ఇంతలో అమ్మకు సంగతి తెలిసింది. తిడుతుందనుకున్నా... బతిమాలింది.

"రాసెయ్యమ్మే... మాటే గదా. నా ఒంటికేమన్నా అంటుకుంటదా? నువ్వు చదువుకుంటే చాలు నాకు."

"రాయనంటే రాయను," అన్నాను.

అమ్మ గొంతు సంగతి మీకు చెప్పాల. తెల్లారుతూనే పడవలు ఒడ్డుకొస్తాయి. ఇసుకలో చేపల కుప్ప, దాని చుట్టూ నలభై మంది ఆడవాళ్లు, వేలంపాట. పక్కనే అలల హోరు, చెవుల్లో గాలి. మన పాట అవతలోళ్లకు వినబడలేదంటే కుప్ప పక్కామెకు పోయినట్టే. ఆ రోజుకు ఖాళీ గంపే. ఆ గోలలో మా అమ్మ నోరు తెరిస్తే పడవ మీదున్నోళ్లు కూడా తలతిప్పి చూసేవాళ్లు. నా పుస్తకాలు, నా పావడా, నా ఫీజు... అన్నీ ఆ గొంతు పెట్టినవే.

ఆ మనిషి మర్నాడు బడికొచ్చింది. గంప గేటు బయట దించి, కొంగు భుజాల నిండా కప్పుకుని, మెట్ల కింద నిలబడింది. సారు వరండాలోకొచ్చినారు. అమ్మ ఏదో చెప్తా ఉంది... పక్కనే ఉన్న నాకే వినబడలేదు.

"గట్టిగా చెప్పమ్మా... ఏం వినబడలా," అన్నారు సారు.

అమ్మ మళ్లీ చెప్పింది. మళ్లీ వినబడలా. పెదాలు కదులుతున్నాయి, అంతే.

అబ్బ... నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు! సముద్రం హోరును దాటించి పాట పాడే మనిషి, నా కోసం గొంతు మింగేసుకుని మెట్ల కింద నిలబడింది. "విన్నారా సార్? ఇదీ చేపలమ్మే మనిషి మాట్లాడే తీరు!" అని అరిచినాను. అవును, అరిచినాను. పక్క క్లాసుల వాళ్లు కూడా బయటికొచ్చి చూసినారు.

సారు నన్ను చూసినారు, అమ్మను చూసినారు. తర్వాత "పో... పోయి కూర్చో," అన్నారు. ఇంపోజిషన్ మాట మళ్లీ ఎత్తలేదు.

పరీక్షలో అదే ఇడియమ్ ఇచ్చినారు! వదిలేద్దామనుకున్నా... వదల్లేదు. "మా అమ్మ ఫిష్‌వైఫ్ మాదిరి అరుస్తుంది, ఎందుకంటే సముద్రం అంతకంటే గట్టిగా అరుస్తుంది" అని నాకొచ్చిన ఇంగ్లీషులో రాసినాను. ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసి సున్నా పెట్టినారు. రెండు మార్కులు పోయినాయి. పోతే పోనీ! పాసైనాను... బడి మానలేదు.

తర్వాత ముప్పై ఏళ్లు నేనే ఇంగ్లీషు టీచరుగా చేసినాను. ఎన్ని వందల ఇడియమ్స్ రాసి ఉంటానో... ఆ ఒక్కటి మాత్రం రాయలేదు. పుస్తకంలో ఉన్నది ఎందుకు రాయలేదని ఇన్‌స్పెక్షన్‌కొచ్చినాయన అడిగితే, ఆయనకూ ఇదే కథ చెప్పినాను.

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఏ మాటకైనా ఫోన్లో నొక్కితే అర్థం టక్కున వచ్చేస్తది... ఆ మాట ఎవరి అమ్మకు తగులుతుందో మాత్రం అందులో రాదు. అది అడిగే పిల్లలూ తగ్గిపోయినారు. మీ క్లాసులో మీరు "చెప్పను" అని నిలబడిన మాటేదన్నా ఉందా? ఉంటే కింద రాయండి... ఆ రోజు మీకు పోయిన మార్కులు నేను వేస్తాను.