నా పెట్టెకు గూని

కాపురానికి గద్వాల వచ్చేటప్పుడు మా అమ్మ వనపర్తిలో కొని ఇచ్చిన రేకు పెట్టె మూత మీద నెమలి బొమ్మ ఉండేది. పుట్టింటి నుంచి నా వెంట వచ్చిన వస్తువు అదొక్కటే. దాన్ని కోసినవాడు మా ఆయన. ఈ మాట ఎన్నిసార్లు చెబుతావని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.

ఆయన మోటార్లు రిపేరు చేసేవాడు. ఇంటి ముందరి తడికల పందిరే కార్ఖానా. జర్మనీతో లడాయి నడుస్తున్న ఆ రోజుల్లో ఊళ్లో ఒక వకీలు తన పాత కారు తెచ్చి వదిలాడు. రెండు తలుపులకూ అడుగు భాగం తుప్పు పట్టి, వేలితో పొడిస్తే అప్పడంలా విరిగేది. తుప్పు తిన్నంత మేర కోసేసి, కొత్త రేకు కొట్టి, గ్యాసు మంటతో అతకాలి. గ్యాసు సిలిండరు హైదరాబాదు నుంచి రైల్లో వచ్చింది. రేకు మాత్రం రాలేదు. ఇనుమంతా లడాయికే పోతున్నదని బజారులో అందరిదీ ఒకటే మాట.

ఒక ఉదయం ఆయన జొన్న రొట్టె తింటూ అడిగాడు.

"ఏమే, నీ పెట్టె ఖాళీగుందా?"

ఆ మాటకు నాకు తోచిన అర్థం ఒక్కటే. గద్వాలలో ఉంటూ గద్వాల చీర కట్టనిది నేనొక్కదాన్నే అని అంతకు ముందే పోట్లాడి ఉన్నాను.

"జరసేపట్ల ఖాళీ చేస్త" అన్నాను.

పాత చీరలన్నీ మూట కట్టి, పెట్టె శుభ్రంగా తుడిచి, పక్కింటి అత్తకు వార్త చెప్పడానికి పోయాను. ఏ రంగు తెస్తాడో అని ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం.

తిరిగి వచ్చేసరికి పెట్టె నోరు తెరుచుకుని ఉంది. మూత లేదు. పందిట్లోంచి రంగు కాలిన వాసన. ఆయన నల్ల అద్దాలు పెట్టుకుని కారు మీదికి వంగి ఉన్నాడు. నెమలి తల ఒక తలుపుకు పోయింది, తోక ఇంకో తలుపుకు.

"ఏందయ్యా ఇది! నా పెట్టె మూత కోస్తవా?"

"అడిగిన గదనే. ఖాళీ చేస్తనంటివి."

"చీర తెస్తవనుకున్న!"

ఆయన అద్దాలు పైకి నెట్టి, నిజంగానే పరేషాన్ అయినట్టు చూశాడు. "చీరనా? చీర ముచ్చట ఎవలు దీసిన్రే?"

అప్పుడే వకీలు వచ్చాడు. తలుపు లోపలి వైపు మిగిలిన తోక చూసి, "గిదేంది, డబ్బా రేకు అతుకుతున్నవ్?" అన్నాడు. నా కోపమంతా ఒక్కసారిగా అటు మళ్లింది. నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నాడు.

"డబ్బా రేకు గాదు వకీలు సాబ్. మా ఇంటామె పెట్టె మూత. గసొంటి రేకు పట్నంల గూడ దొర్కదు."

వకీలు నావైపు తిరిగి నవ్వాడు. "ఇగ నీ నెమలి కారుల తిరుగుతదమ్మా" అన్నాడు. నన్ను ఎక్కించుకుంటానని మాత్రం అనలేదు. తర్వాతైనా అనలేదు.

ఆ పూట నేను వండలేదు. "మూత లేని పెట్టె పెట్టుకొని కాపురం ఎట్ల జెయ్యాల్నో నువ్వే చెప్పు" అని గడపలో కూర్చున్నాను. ఆయన సుత్తి పట్టుకుని కాసేపు అటూ ఇటూ తిరిగాడు. ఎప్పుడో ఏదో కారు నుంచి ఊడదీసిన మడ్గార్డు ఒకటి గోడకు ఆనించి ఉండేది. తలుపుకు సాపు రేకు కావాలి కాబట్టి వంపు తిరిగిన అది పనికి రాలేదు. అందులో బాగున్న ముక్క కోసి, అంచులు మడిచి, సాయంత్రానికి నా పెట్టెకు మూత బిగించాడు. ఎంత కొట్టినా వంపు పూర్తిగా పోలేదు. నా పెట్టెకు గూని వచ్చింది.

"జర సాపు చెయ్యరాదా?"

"ఇంకా కొడితె పగుల్తది. గిట్లుంటె ఇంకో చీర ఎక్కువ పడతది గదనే."

"ఏ చీర?"

ఆయన చేతులు కడుక్కోవడానికి పోయాడు.

ఆ ఏడాది చీర రాలేదు. మరుసటి ఏడాదీ రాలేదు. వచ్చినప్పుడు అది నేను అడిగిన రంగు కాదు. ఆ మాట అప్పుడే ఆయన ముఖం మీదే అన్నాను. చీర ఆ పెట్టెలోనే ఉంది. మూత మీద ఏది పెట్టినా జారి కింద పడుతుంది. కొత్త పెట్టె కొంటామని పిల్లలు అంటే వద్దన్నాను. తెరిచినప్పుడల్లా ఆయన సుత్తి దెబ్బలు వేళ్లకు తగులుతాయి. ఎక్కడ నిదానంగా కొట్టాడో, ఎక్కడ ఆకలికి తొందరపడ్డాడో నాకు తెలుస్తూనే ఉంటుంది.